సిబిల్ స్కోరు లేదని క్రెడిట్ కార్డు ఇవ్వరు, కార్డు లేకపోతే సిబిల్ రాదు. మరి ఎక్కడ మొదలెట్టాలి?

మహేంద్రతనయ
మాది ఒడిశాలో పర్లాకిమిడి. డిగ్రీ అయ్యాక ఇక్కడే ఒక ల్యాబులో ఉద్యోగం. జీతం 17 వేలు, బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. ఇంతవరకూ ఎవరి దగ్గరా పైసా అప్పు చెయ్యలేదు. క్రెడిట్ కార్డుకి ఆన్‌లైన్లో పెడితే కుదరదన్నారు. ఇంకోచోట పెట్టాను, అక్కడా అదే. ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్లి అడిగితే "మీకు హిస్టరీ లేదమ్మా" అన్నారు. అప్పు ఇస్తేనే కదా హిస్టరీ వచ్చేది!

షాపింగ్ కోసం కాదు ఇదంతా. మా ఇంట్లో పెళ్లికైనా ఆస్పత్రికైనా నాన్న నూటికి మూడు రూపాయల వడ్డీకే తెచ్చేవారు. రేపు ఇల్లు కట్టుకోవాలంటే నేను ఆ గుమ్మం ఎక్కకూడదు, బ్యాంకు లోనే తీసుకోవాలి. దానికి ఇప్పట్నుంచే స్కోరు పెంచుకోవాలని అందరూ అంటున్నారు. ఎలా పెంచాలో మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

బరంపురం_పట్టు
అప్పు చెయ్యని పిల్లకి అప్పు పుట్టదు, నాలుగుచోట్ల చేసినోడికి ఇంటికొచ్చి ఇస్తారు. ఎప్పుడూ ఇదే తంతు.

మాజీ_క్యాషియర్
అమ్మా, ముందు ఒక పని చెయ్యి. ఇంకెక్కడా అప్లై చెయ్యకు. నువ్వు పెట్టిన ప్రతిసారీ ఆ సంస్థ నీ రిపోర్టు తీసి చూస్తుంది, చూసినట్టు అందులో నమోదవుతుంది కూడా. తక్కువ రోజుల్లో అలాంటివి వరసగా పడితే, డబ్బుకి బాగా ఇరుకులో ఉందేమోనని అనుమానిస్తారు. నీ రిపోర్టు నువ్వే తీసి చూసుకుంటే మాత్రం స్కోరు తగ్గదు. ఆ భయంతోనే చాలామంది చూసుకోరు.

ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, వేళకి కట్టారా అన్న లెక్కలు రాసే సంస్థలు, అంటే బ్యూరోలు, దేశంలో నాలుగు ఉన్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. జనం నోట్లో మాత్రం అన్నీ సిబిలే. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఒక్కో సంస్థా ఒక్కోటి ఇవ్వాలి. వాళ్ల సైట్లలో డబ్బు కట్టే ప్లాన్లు పైన పెద్దగా కనిపిస్తాయి, ఉచితం లింకు ఎక్కడో కింద ఉంటుంది. వెతుకు, దొరుకుతుంది.

స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఏ అప్పూ లేనివాళ్లకి సిబిల్‌లో ఎన్‌హెచ్ (నో హిస్టరీ) అనో, -1 అనో చూపిస్తుంది. దాన్ని చూసి బెంగపడకు. చెడ్డ స్కోరు కాదది, ఇంకా స్కోరు పుట్టలేదని అర్థం.

జయపురం_జీడి
క్యాషియర్ గారు చెప్పినదానికి ఇంకోటి. మొదటిసారి అప్పు అడిగేవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో వెనక్కి పంపొద్దని బ్యాంకులకి ఇచ్చిన నిబంధనల పత్రంలో, 2025 జనవరి 6 నాటి మాస్టర్ డైరెక్షన్లో, ఆర్‌బీఐ చెప్పింది. ఆ ఏడాదే ఆర్థికశాఖ సహాయమంత్రి పార్లమెంటులో ఈ మాట మళ్లీ చెప్పారు. ఆ కాగితం ప్రింటు తీసుకెళ్లి మేనేజరు ముందు పెట్టండి.

మాజీ_క్యాషియర్
పెట్టొచ్చు, తప్పులేదు. కానీ అప్పు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి బ్యాంకు సొంత పాలసీయే. జీతం, ఉద్యోగం ఎంతకాలంగా ఉంది, ఇవన్నీ చూస్తారు. కాగితం చూపించి కౌంటరు దగ్గర గొడవపడే ఓపిక ఉంటే, ఆ ఓపికతో ఎఫ్‌డీ మీద కార్డు తీసుకోవడం నయం.

రాయగడ_రైలు
అదే చెప్దామని వచ్చాను. నేను పేపరు మిల్లులో కాంట్రాక్టు మీద చేరినప్పుడు నాకూ ఎవరూ ఇవ్వలేదు. 25 వేలు ఫిక్స్‌డ్ వేసి దాని మీద కార్డు తీసుకున్నాను. ఎఫ్‌డీ బ్యాంకు దగ్గర తాకట్టులో ఉంటుంది గనక జీతం స్లిప్పు అడగరు, హిస్టరీ అడగరు. ఎఫ్‌డీలో ఎనభై తొంభై శాతం దాకా లిమిట్ ఇస్తారు. వడ్డీ మామూలుగా పడుతూనే ఉంటుంది. అందరిలాగే వాడి కడితే రిపోర్టులో మామూలు కార్డు లాగే లెక్కకొస్తుంది. ఎస్‌బీఐలో ఉన్నతి అని ఉంది, దానికి కనీసం 25 వేల ఎఫ్‌డీ కావాలి. కొన్ని బ్యాంకుల్లో ఇంకా తక్కువకే దొరుకుతుంది, మీ బ్యాంకులో అడగండి.

ధర్మాబాద్_మిర్చి
నా డబ్బే వాళ్ల దగ్గర పెట్టి, నా డబ్బే వాళ్ల కార్డుతో అప్పుగా తెచ్చుకోవాలా? ఎవడికి లాభం ఇది? పిల్లా, 25 వేలు ఉంటే నీ దగ్గరే ఉంచుకో. కార్డు జోలికి పోకు. మా బజార్ల ఎంతమందిని చూసిన!

రాయగడ_రైలు
డబ్బు పోదు కదా బాబాయ్, ఎఫ్‌డీలోనే ఉంటుంది. రేపు ఇంటి లోన్ అడిగితే ఈ పిల్ల వేళకి కట్టే మనిషి అని చూపించడానికి ఏదో ఒక రుజువు ఉండాలి. ఆ రుజువు కోసం ఇది.

బల్లార్షా_బొగ్గు
ఎఫ్‌డీ దేనికి? ఫోన్ ఈఎంఐ మీద కొను, అయిపోయె. షాపులనే ఫైనాన్స్ చేస్తరు, పది నిమిషాల పని. నాకు అట్లనే స్కోర్ మొదలైంది.

గుణుపురం_టీచర్
బల్లార్షా తమ్ముడూ, అవసరం లేని ఫోను స్కోరు కోసం కొనడం ఏ లెక్క? ఏడాదిలో ఈఎంఐలు అయిపోతే ఆ ఖాతా మూసేస్తారు. తరవాత ఏముంటుంది చూపించడానికి? కార్డయితే ఏళ్ల తరబడి నడుస్తుంది, పాత ఖాతా ఉంటే మంచిదే. పైగా వడ్డీ లేదు, నో కాస్ట్ అన్నచోట ప్రాసెసింగ్ ఫీజు వేస్తారు, అది చూసుకోవాలి.

బల్లార్షా_బొగ్గు
ఫోన్ పోయింది గనక కొన్న అక్కా, స్కోర్ కోసం కాదు. గా మాట కరెక్టే, అవసరం ఉంటేనే.

ప్రాణహిత_ఒడ్డు
మాది మహారాష్ట్ర, మా సిరొంచల ఇంకో బాధ ఉంది. స్కోర్ ఉన్నా కార్డు రాదు. పిన్‌కోడ్ 442504 కొట్టంగనే "మీ ప్రాంతంలో మా సేవలు లేవు" అని వస్తది. నది దాటితే కాళేశ్వరం, అటు తెలంగాణ. మా తమ్ముడు హైదరాబాద్ అడ్రస్ పెట్టి తీసుకున్నడు. ఆధార్ల సిరొంచ, కార్డుల హైదరాబాద్. ఇప్పుడు ఏ కాగితం ఏ ఇంటికి పోతదో వానికే తెల్వది.

మాజీ_క్యాషియర్
అలా చెయ్యొద్దు. ఉండని ఊరి అడ్రసు ఇస్తే రేపు వెరిఫికేషన్లో ఇబ్బంది. ఎఫ్‌డీ కార్డుకి మీ సొంత బ్రాంచిలోనే అడగండి. ఖాతా ఉన్న బ్రాంచి, కేవైసీ అయిన మనిషి కాబట్టి ఈ పిన్‌కోడ్ అడ్డంకి చాలాసార్లు రాదు. ఆన్‌లైన్లో కాదన్నది కౌంటర్లో అవ్వడం నేను ఉద్యోగంలో ఉండగా చూశాను.

ధర్మాబాద్_మిర్చి
మా నాయినకు క్రెడిట్ కార్డ్ అని చెప్తే "నా దగ్గర ఉంది గదరా, పంటకు ఇచ్చింది" అన్నడు. కిసాన్ కార్డ్ తీసి చూపెట్టిండు. దాంతోని ఎరువుల సంచి గీకుదాం పా అన్న 😄

గుణుపురం_టీచర్
నవ్వొచ్చినా ఆ మాటలో విషయం ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు కూడా అప్పే, బ్యూరోలో ఎక్కుతుంది. మాఫీ వస్తుందని కట్టకుండా ఆగినవాళ్లకి ఆ బాకీ పేరు మీద అలాగే ఉండిపోతుంది.

ధర్మాబాద్_మిర్చి
మా దగ్గర అదే గోస టీచరమ్మా. పంట రుణానికి సిబిల్ అడగొద్దని 2025లో మా మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఫడణవీస్ బ్యాంకర్లతో గట్టిగనే చెప్పిండు. కానీ పంట రుణం వేరు, ట్రాక్టర్ వేరు, ఇల్లు వేరు. వాటికి అడుగుతనే ఉన్నరు.

మహేంద్రతనయ
అందరికీ థాంక్స్. క్యాషియర్ గారు చెప్పినట్టు నాలుగు రిపోర్టులూ తీశాను. మూడింట్లో ఏమీ లేదు. ఒకదాంట్లో మాత్రం నా పేరు మీద ఒక మైక్రోఫైనాన్స్ లోన్ ఉంది! 30 వేలు. కొన్ని వాయిదాలు కట్టలేదని చూపిస్తోంది. నేను ఏ గ్రూపులోనూ లేను. అమ్మకి గ్రూపు లోన్ ఉంది గానీ అమ్మ పేరు వేరు, వాయిదాలు కూడా సరిగ్గానే కడుతుంది. లోన్ మీద ఉన్న అడ్రసు మా జిల్లాలోనే ఇంకో ఊరు. నా చేతులు వణుకుతున్నాయి. ఎవరైనా నా ఆధార్ వాడేశారా?

బరంపురం_పట్టు
కంగారు పడకమ్మా. ఆ లోన్ దగ్గర పాన్ నంబరు ఉందా, చూడు.

మహేంద్రతనయ
లేదు. పేరు, పుట్టినతేదీ, పిన్‌కోడ్ ఉన్నాయి. పాన్ దగ్గర ఖాళీ.

గుణుపురం_టీచర్
అయితే ఇంకొకరి అప్పు నీ ఖాతాలో కలిసిపోయి ఉండొచ్చు. మన సరిహద్దు ఊళ్లలో ఇది నేను చాలాసార్లు చూశాను, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

మన తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు. ఒడియా ఆఫీసుల్లో ఇంటిపేరు చివర్న రాస్తారు. ఆధార్లో ఒకలాగా, పదో తరగతి సర్టిఫికెట్లో ఇంకోలాగా, పాన్‌లో పొడి అక్షరాలతో మరోలాగా పడుతుంది. రావుకి ఇంగ్లీషు స్పెల్లింగు ఒకరు ఒకలా రాస్తారు, అమ్మ అన్నది ఒకచోట అతుక్కుని, ఒకచోట విడిగా. పైగా పెద్దవాళ్లకి పుట్టినతేదీ తెలీకపోతే జనవరి 1 అనో జులై 1 అనో వేసేసేవారు. ఒకే పిన్‌కోడ్‌లో ఒకే పేరు, ఒకే తేదీ ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో ఆలోచించు. అప్పిచ్చిన సంస్థ పాన్ లేకుండా వివరాలు పంపితే కంప్యూటరు ఇద్దర్నీ ఒకరే అనుకుంటుంది. దీనికి తిరగబడిందీ జరుగుతుంది. ఒకే మనిషి పేరు రెండు రకాలుగా ఉంటే చరిత్ర రెండు ముక్కలవుతుంది, బాగా కట్టిన ముక్క బ్యాంకుకి కనిపించనే కనిపించదు. మా స్కూల్లో ఫారాలు నింపేటప్పుడు స్పెల్లింగు కోసం నేను పిల్లల్ని సతాయించేది అందుకే. ఇప్పుడు విసుక్కుంటారు, ఉద్యోగం వచ్చాక ఫోన్ చేసి చెప్తారు.

ప్రాణహిత_ఒడ్డు
మా దిక్కు మహారాష్ట్రల ఇంకో తీరు. పేరు, నడుమ తండ్రి పేరు, ఆఖర్ల ఇంటిపేరు. అటు తెలంగాణల చదివిన పిల్లల సర్టిఫికెట్ల ఇంటిపేరు ముందు. ఒక్క పొల్లకు రెండు పేర్లు అయితయి.

మాజీ_క్యాషియర్
టీచరమ్మ చెప్పిందే కారణం అనుకుంటున్నాను. అయినా మోసం కూడా అయ్యుండొచ్చు కాబట్టి రెండు వైపులా కదులు.

ఆ రిపోర్టు ఇచ్చిన బ్యూరో సైట్లోనే డిస్ప్యూట్ అని ఉంటుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. "ఈ అప్పు నాది కాదు" అన్న విభాగం ఎంచుకుని ఆధార్, పాన్ జతచెయ్యి. బ్యూరో తనంతట తాను తీసెయ్యదు, అప్పిచ్చిన సంస్థని అడుగుతుంది, వాళ్లు ఒప్పుకోవాలి. అందుకని ఆ సంస్థకి కూడా విడిగా రాతపూర్వకంగా పెట్టు. లోన్ ఫారం మీద ఉన్న ఫొటో, సంతకం చూపించమని అడుగు. ఫొటోలో ఇంకో మనిషి ఉంటే అక్కడితో తేలిపోతుంది. నీ ఆధార్ వాడి తీసుకున్నట్టు బయటపడితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, పోలీసు ఫిర్యాదు పెట్టు.

30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున నీకు పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 అక్టోబరులో చెప్పింది, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అప్పటికీ తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు, లేదా 14448కి ఫోన్. ఫిర్యాదు నంబరు, తేదీ ఒక పుస్తకంలో రాసిపెట్టుకో.

జయపురం_జీడి
సిబిల్ బాగుచేస్తాం, ఐదు వేలు ఇవ్వండి అని ఏజెంట్లు తిరుగుతున్నారు. నమ్మొద్దు. వాళ్లు నింపేదీ ఈ ఉచితం ఫారమే. ఓటీపీ కూడా అడుగుతారు, అస్సలు చెప్పొద్దు.

బరంపురం_పట్టు
గ్రూపు లోన్ల సంగతి వచ్చింది గనక చెప్తున్నా. 2010లో ఆంధ్రాలో మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్సు వచ్చింది, పాతపట్నం వైపు వ్యాపారం దాదాపు ఆగిపోయింది. ఆ చట్టం మన ఒడిశాకి లేదు, ఇక్కడ నడుస్తూనే ఉంది. ఒకే వీధిలో మూడు కంపెనీల గ్రూపులు ఉన్న ఊళ్లు నాకు తెలుసు. ఇంట్లో ఆడవాళ్లకి గ్రూపు లోన్ ఉంటే వాళ్ల రిపోర్టు కూడా ఒకసారి తీయించండి. కట్టిన వాయిదాలు కట్టినట్టు ఎక్కాయో లేదో చూడాలి.

రాయగడ_రైలు
ఇంకో జాగ్రత్త. ఎవరికైనా హామీ సంతకం పెడితే ఆ అప్పు మన రిపోర్టులోనూ కనిపిస్తుంది. మా బంధువు ఒకాయన బావమరిది ట్రాక్టరుకి సంతకం పెట్టాడు. వాయిదాలు వాళ్లు ఎగ్గొట్టారు, ఇంటి లోన్ ఈయనకి ఆగింది. పండగకి పిలుపులు కూడా ఆగిపోయాయి.

మహేంద్రతనయ
డిస్ప్యూట్ పెట్టాను, సంస్థకి ఉత్తరం కూడా పంపాను. ఈలోగా మా పిన్ని కొడుకు విశాఖలో ఉంటాడు, తన కార్డు మీద నాకు యాడ్ ఆన్ కార్డు తీసిస్తానంటున్నాడు. దాంతో నాకు స్కోరు వస్తుందా?

మాజీ_క్యాషియర్
రాదు. ఆ చరిత్ర అసలు కార్డు ఉన్నవాళ్లకే వెళ్తుంది. నువ్వు ఆలస్యం చేస్తే దెబ్బ అతనికి. డెబిట్ కార్డు, యూపీఐ ఎంత వాడినా అంతే, అవి నీ సొంత డబ్బు, అప్పు కాదు గనక బ్యూరోకి వెళ్లవు. యాపుల్లో పే లేటర్ అని ఉంటుంది చూడు, అది మాత్రం అప్పే. రెండొందల బాకీ మర్చిపోయినా ఆలస్యం కింద ఎక్కుతుంది.

ధర్మాబాద్_మిర్చి
అందరూ కార్డు తీసుకోమనే చెప్తున్నరు. వడ్డీ ఎంతో ఒక్కరు చెప్పలే. పిల్ల నాయిన మూడు రూపాయల వడ్డీ కట్టిండని బాధ పడుతుంది. కార్డు వడ్డీ ఎంత? చెప్పుండ్రి.

మాజీ_క్యాషియర్
మంచి ప్రశ్న. చాలా కార్డులకి నెలకి మూడున్నర శాతం దగ్గర్లో ఉంటుంది. మన లెక్కలో నూటికి మూడున్నర రూపాయలు. వాళ్ల నాన్న కట్టినదానికన్నా ఎక్కువ. దాని మీద 18 శాతం జీఎస్టీ.

లెక్క వేసి చూపిస్తాను. 10 వేలు బాకీ అనుకో. బిల్లులో "మినిమం డ్యూ 500" అని ఉంటుంది. 500 కట్టావు. వడ్డీ సుమారు 350, జీఎస్టీ 63, మొత్తం 413. నువ్వు కట్టినదాంట్లో అసలుకి తగిలింది 87 రూపాయలు. పైగా ఒకసారి పూర్తిగా కట్టకపోతే, ఆ తరవాత కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు పోతుంది, కొన్న రోజు నుంచే వడ్డీ. ఏటీఎంలో కార్డుతో నగదు తీస్తే ఫీజు వేరు, మొదటి రోజు నుంచే వడ్డీ. కాబట్టి ధర్మాబాద్ ఆయన భయం నిజమైనదే. ఆ మినిమం అన్న గడి మీద చెయ్యి వెయ్యకు. టోటల్ డ్యూ మొత్తం కట్టు. అలా కట్టినంతకాలం వడ్డీ సున్నా.

ధర్మాబాద్_మిర్చి
గిట్ల చెప్తే నేను ఒప్పుకుంట. మొత్తం కట్టే దమ్ముంటేనే తీసుకోవాలె.

బల్లార్షా_బొగ్గు
కట్టలేక సెటిల్‌మెంట్ చేసుకుంటే? మా దోస్తుకు 40 వేల బాకీకి 15 వేలకు ఒప్పుకున్నరు.

రాయగడ_రైలు
రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. పూర్తిగా కట్టినవాళ్లకి పడే "క్లోజ్డ్" వేరు. ఇంటి లోన్ అడిగినప్పుడు ఆ మాట ఏళ్ల తరవాత కూడా అడ్డొస్తుంది. మీ దోస్తుకి వీలైతే మిగతాది కట్టేసి నో డ్యూస్ లెటర్ తీసుకోమనండి, రిపోర్టులో మార్పించమనండి.

మహేంద్రతనయ
శుభవార్త! ఆ లోన్ నా రిపోర్టులోంచి తీసేశారు. సంస్థవాళ్లు పిలిచి ఫారం చూపించారు, ఫొటోలో వేరే ఆవిడ. నా పేరే, నా పుట్టినతేదీయే. టీచర్ గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. ఆవిడ వాయిదాలు కూడా ఇప్పుడు ఆవిడ పేరు మీదే సరిగ్గా ఎక్కుతాయట.

తరవాత మా బ్రాంచిలో 25 వేలు ఎఫ్‌డీ వేసి కార్డు తీసుకున్నాను. లిమిట్ 20 వేలు. రూపే కార్డు, యూపీఐకి కూడా కలిపాను. రెండు సందేహాలు. ఎంతవరకూ వాడొచ్చు? బిల్లు రాకముందే కట్టేస్తే మంచిదా, వచ్చాక కట్టాలా?

గుణుపురం_టీచర్
నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను తల్లీ. ఒక పని ఇంకా ఉంది. ఆధార్, పాన్, బ్యాంకు, మూడింట్లో పేరు ఒకేలా చేయించుకో. ఇప్పుడు చేస్తే ఇంటి లోన్ అప్పుడు తిరగక్కర్లేదు.

మాజీ_క్యాషియర్
లిమిట్లో మూడోవంతు దాటకుండా చూసుకో. 20 వేలకి ఆరు వేల దాకా అనుకో. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి, నెల సరుకులు, ఎలాగూ పెట్టే ఖర్చులే దాని మీద పెట్టు. కిరాణా షాపు క్యూఆర్‌కి రూపే కార్డు పనిచేస్తుంది, మనుషులకి పంపడానికి పనిచెయ్యదు. సులువుగా ఉంది కదా అని చెయ్యి జారుతుంది, అది ఒక్కటి చూసుకో.

బిల్లు రానియ్యి, వచ్చాక గడువులోపు మొత్తం కట్టు. ఏదైనా నెల ఖర్చు పెరిగి ఆరు వేలు దాటితే బిల్లుకి ముందే కొంత కట్టెయ్యి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకొకసారి బ్యూరోకి వివరాలు పంపాలి, కాబట్టి కట్టింది త్వరగానే కనిపిస్తుంది. గడువు దాటి మూడు రోజులైతేనే ఆలస్యం కింద బ్యూరోకి చెప్పాలన్న నిబంధన ఉంది, లేటు ఫీజు కూడా అప్పుడే. ఆ మూడు రోజుల్ని నమ్ముకుని మాత్రం ఉండకు. జీతం ఖాతా నుంచి టోటల్ డ్యూకి ఆటో డెబిట్ పెట్టు. పెట్టేటప్పుడు మినిమం మీద టిక్కు ఉంటే తీసెయ్యి.

సుమారు ఆరు నెలల చరిత్ర ఉంటే స్కోరు కనిపిస్తుంది. అందాకా ఇంకో కార్డుకి పెట్టకు. ఎవరైనా ఫోన్ చేసి ఫ్రీ కార్డు అంటే వద్దని చెప్పు. నువ్వు అడక్కుండా కార్డు పంపకూడదు, అది ఆర్‌బీఐ నిబంధనే.

ప్రాణహిత_ఒడ్డు
నేను కూడా రేపు మా బ్రాంచికి పోతున్న. క్యాషియర్ సాబ్, ఎఫ్‌డీ గడువు అయిపోతే కార్డు బంద్ అయితదా?

మాజీ_క్యాషియర్
వేసేటప్పుడే ఆటో రెన్యువల్ పెట్టించండి, కార్డు ఆగదు. కార్డు మూసేసి బాకీ మొత్తం కడితేనే ఎఫ్‌డీ చేతికొస్తుంది. మూసెయ్యమని అడిగితే, బాకీ లేకపోతే, ఏడు పనిదినాల్లో మూసెయ్యాలి. ఆలస్యం చేస్తే రోజుకి 500 మీకే ఇవ్వాలి. తమ్ముడి అడ్రసు కూడా రేపే మార్పించండి.